నీళ్ళ పందిలి రాయి మీది పేరు

పాకాలలో చెనక్కాయల మిల్లు వెనక రేకుల కింద కూర్చుని కాయలు ఒలిచే ఆడవాళ్ళలో నాగులమ్మ అందరికన్నా తక్కువ మాట్లాడేది. పక్కవాళ్ళు అత్తల్ని తిట్టుకుంటూ, మొగుళ్ళను ఆడిపోసుకుంటూ ఒలుస్తుంటే ఆమె తల వంచుకుని చేతులు ఆడించేది. కుడిచేతి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయి లోపలి ఎర్రటి కండ కనిపించేది. "ఏమే నాగులూ, నోట్లో ఏం దాపెట్టుకున్నావే?" అని ఎవరైనా అంటే నవ్వేది. ఆ నవ్వు ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి అడిగేవాళ్ళు కాదు.

ఆమె పుట్టింది చంద్రగిరి అవతల, కొండ కింద పల్లెలో. పదమూడేళ్ళకు పెళ్ళి చేశారు. మొగుడు కోలారు గనుల్లో పనికని పోయి, రెండేళ్ళు ఎవరిచేతనో జాబులు రాయించి, ఆ తర్వాత మానేశాడు. చచ్చాడో, మరో సంసారం పెట్టుకున్నాడో చెప్పేవాళ్ళు లేరు. చేతిలో మిగిలింది ఒక ఆడపిల్ల. పోలేరమ్మ అని పేరు పెట్టారు. అంత పేరు ఆ పిల్ల మోయలేదని నాగులమ్మ పోలీ అని పిలిచేది. చింతపండు కొట్టే పనికి పోతే పిల్ల పక్కనే కూర్చుని గింజలతో ఆడుకునేది. గింజల్ని వరసగా పేర్చి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి, "ఇది అన్నం తినింది, ఇది తినలా" అనేది.

యుద్ధం మొదలైన మరుసటి ఎండాకాలం పల్లెలో వాంతులూ బేదులూ వచ్చిపడ్డాయి. పోలికి ఆరేళ్ళు. ఒక్క పూటలో కళ్ళు లోపలికి పోయాయి. పాకాలకు పోయి రైలెక్కితే వేలూరు ఆస్పత్రికి తీసుకుపోవచ్చని ఎవరో అన్నారు. బండి కట్టేవాళ్ళు ఎవరూ ముందుకు రాలేదు. ఆ జబ్బు మనిషిని బండి ఎక్కించుకుంటే రేపు తమ ఇంటికి వస్తుందని భయం. నాగులమ్మ పిల్లను భుజాన వేసుకుని కోడి కూయకముందే బయలుదేరింది. తెచ్చుకున్న నీళ్ళు సగం దారిలోనే అయిపోయాయి. దారి పక్క బావులు ఎండిపోయి అడుగున బురద మాత్రం ఉంది. నడిపొద్దుకు పాకాల పొలిమేర చేరింది. అక్కడ నీళ్ళ పందిలి ఉంది.

ఆ పందిలి బెల్లం మండీ మునివెంకటప్పది. ఏటా ఎండాకాలం తాటాకుల పందిలి వేయించి, ఇసకలో ఆరు కుండలు పెట్టించి, వరదయ్య అనే మనిషిని నీళ్ళు పోయడానికి ఉంచేవాడు. పందిట్లో ఒక కట్టుబాటు ఉండేది. వచ్చినవాళ్ళను ఎవరని అడగాలి. కొందరికి ఇత్తడి చెంబుతో దోసిట్లో పోయాలి. కొందరికి వాసాన చెక్కిన వెదురు గొట్టం తీసి, ఒక చివర తాను నీళ్ళు పోస్తే మరో చివర వాళ్ళు తాగాలి. దగ్గరికి రాకూడదు. ఆ రోజు మునివెంకటప్ప కూడా పందిట్లోనే బల్ల మీద కూర్చుని విసనకర్ర విసురుకుంటున్నాడు.

"ఎవురమ్మా నువ్వు?" అన్నాడు వరదయ్య.

"బిడ్డకు నీళ్ళు సామీ."

"నీళ్ళు యాడికీ పోవులే. ఎవురంటే చెప్పవేం? ఏ ఊరు? ఎవురింటోళ్ళు?"

ఆమె ఊరి పేరు చెప్పింది. ఆ ఊళ్ళో అందరూ ఉంటారు. వరదయ్యకు అది చాలలేదు. యజమాని వైపు చూశాడు. మునివెంకటప్ప విసనకర్ర ఆపకుండానే, "అడిగి పొయ్యి వరదా. పుణ్యానికి పెట్టింది, మైల చేసుకోడానికి గాదు," అన్నాడు.

పోలి నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతులోంచి శబ్దం రావడం లేదు. నాగులమ్మకు ఆ క్షణాన తన కులం పేరు నోటికి రాలేదు. వచ్చింది వేరే మాట. పందిట్లో ఉన్న బండ్లవాళ్ళందరికీ వినబడేట్టు అరిచింది.

"పేరు పిమ్మట అడుగుదురు గానీ, ముందు నీళ్ళు పొయ్యండి సామీ!"

వరదయ్య ఎందుకైనా మంచిదని వెదురు గొట్టమే తీశాడు. అందులో సాలెగూడు ఉంది. పంచె చెంగుతో తుడిచాడు. ఒక చివర ఎత్తిపట్టి పోశాడు. నీళ్ళు వచ్చాయి. పిల్ల నోట్లో పడ్డాయి. పడినవి పడినట్టే చెంప మీదుగా కారి తల్లి చేతిని తడిపాయి.

పిల్లను వంక ఒడ్డున ఇసకలో పూడ్చారు. నాగులమ్మ మళ్ళీ తన పల్లెకు పోలేదు. పిల్లను అక్కడ పెట్టి పోవడం ఆమె వల్ల కాలేదు. మిల్లులో పని అడిగి చేరింది.

ఆ మాట మాత్రం ఆగలేదు. పందిట్లో విన్న బండ్లవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. బెల్లం మండీలో గుమాస్తా బండి దించేముందు "నీ పేరేంది?" అని అడిగితే, "పేరు పిమ్మట అడుగుదురు గానీ ముందు నీళ్ళు పొయ్యండి సామీ" అని ఒకడనేవాడు. పదిమంది ఇకిలించేవాళ్ళు. సంతలో అన్నారు. రైలుకట్ట కాడ అన్నారు. మునివెంకటప్ప వీధిలో పోతుంటే వెనక నుంచి పిల్లకాయలు అన్నారు. ఆ యేడు పందిట్లో నీళ్ళు తాగేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన భార్య చంద్రకాంతమ్మ నాలుగు దినాలు అన్నం మానేసి, "ఊరి నోరు మూయించలేకపోతే పందిలి పీకేయించు," అని ఏడ్చింది.

ఆయన పందిలి పీకించలేదు. రాళ్ళు చెక్కే చెంగయ్యను పిలిపించి, ఆ మాటనే రాతి మీద చెక్కించి, పందిలి ముందర నాటించాడు. ఊళ్ళో వాళ్ళు తన వెనక అనే మాటను తానే ముందర నిలబెట్టాడు. ఇక దాన్ని ఎగతాళిగా అనడానికి రుచి లేకుండా పోయింది. తెలివితోనే చేశాడో, నిజంగా మనసు కుదుటపడక చేశాడో, పైవాడికి తెలియాలి.

తిరుపతి చుట్టుపక్కల ఒక అలవాటుంది. గుళ్ళో గంట మొదలుకుని దారిలో కూర్చునే అరుగు దాకా, ఎవరు ఇచ్చారో వాళ్ళ పేరు కింద చెక్కిస్తారు. దాన్ని ఉభయం అంటారు. చెంగయ్య తండ్రి, తాత అట్లాగే చెక్కారు. చెంగయ్య కూడా ఆ మాటను కాస్త పొందికగా దిద్ది, దాని కింద "ఉభయం, మునివెంకటప్ప" అని చెక్కాడు. రాయి ఇచ్చినవాడి పేరు అది. కానీ చదివినవాళ్ళకు మాటా కనిపించింది, కింద పేరూ కనిపించింది. రెండేళ్ళు తిరిగేసరికి కొండకు పోయే యాత్రికులు "మునివెంకటప్ప గారు ఎంత గొప్ప మాట చెప్పినారు!" అని చేతులు జోడించి పోయేవాళ్ళు.

పందిట్లో వరదయ్య మాత్రం అడగడం మానలేదు. వెదురు గొట్టం వాసానే ఉండేది. ఎవరైనా రాయి చూపిస్తే, "దాని పాటికి అది ఉంటాది. నా పాటికి నేనుంటాను. నువ్వెవురో చెప్పు," అనేవాడు.

నాగులమ్మకు చదువు రాదు. రాయి చెక్కుతున్నప్పుడు ఆమె రోజూ పని దిగి పోయి దూరంగా కూర్చుని చూసేది. "నీ మాటేనమ్మా ఇది," అని చెంగయ్య చెప్పాడు. "కింద ఇంకో వరస ఉందే?" అంటే, "పేరు," అన్నాడు. ఎవరి పేరని ఆమె అడగలేదు. అడగవలసిన పని ఉందని తోచలేదు. కడుపుతో ఉండి చనిపోయిన ఆడదాని పేరున దారి పక్కన, మోసేవాళ్ళు బరువు దించుకోడానికి రాయి నాటడం ఆ సీమలో ఉన్నదే. ఆమె పల్లె దారిలోనూ అట్లాంటిది ఒకటుంది. దారి పక్క రాయి నాటారంటే పోయినవాళ్ళ పేరున గాక ఇంకెవరి పేరున? తన బిడ్డ చచ్చిన చోట, తన మాటతో, రాయి నిలబెట్టారు. కింద పోలేరమ్మ అని ఉందనుకుంది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం తల స్నానం చేసి వచ్చి, రాయి కడిగి, ఆ కింది వరసకు పసుపు రాసి కుంకుమ పెట్టేది. అక్షరాల సందుల్లోకి పసుపు పోయేట్టు అరిగిన బొటనవేలితో నెమ్మదిగా రాసేది, పిల్ల ఒంటికి నలుగు పెట్టినట్టు. వరదయ్య చూసి పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. "బొట్టు పెట్టుకుంటే పెట్టుకో, కుండల పక్కకు రాబాకు," అనేవాడు. అసలు సంగతి చెప్పలేదు. యజమాని పేరుకు ప్రతి వారం పూజ జరుగుతుంటే ఎందుకు చెప్తాడు? తొమ్మిదేళ్ళు అట్లా గడిచాయి. ఆ తొమ్మిదేళ్ళూ నాగులమ్మ బతికిందంటే ఆ రాయి వల్లనే. మోసం చేసి బతికించారా అంటే, అవును, అట్లాగే.

నలభై తొమ్మిదిలో మునివెంకటప్పకు అరవై నిండాయి. షష్టిపూర్తికి ఒక పుస్తకం అచ్చు వేయాలని ఊరి పెద్దలు అనుకున్నారు. చిత్తూరులో తెలుగు పాఠాలు చెప్పే జయరావు అయ్యవారికి ఆ పని అప్పగించారు. ఆయనకొక పిచ్చి ఉంది. ఎవరైనా ఒక మంచి మాట చెప్పి, ఇది ఫలానా వారన్నది అంటే, నిజంగా వారే అన్నారా అని వెతుక్కుంటూ పోతాడు. గొడుగు చంకలో పెట్టుకుని ఒకనాడు మిల్లు కాడికి వచ్చాడు.

"నాగులమ్మంటే నువ్వేనా తల్లీ?"

ఒలిచే ఆడవాళ్ళంతా చేతులాపారు. "ఏందే, పోలీసోళ్ళా?" అని ఒకామె గుసగుసలాడింది. "ఆ కాళ్ళు చూడు, పోలీసుకు అట్టుంటాయా," అని ఇంకొకామె నవ్వింది.

ఆయన గోతం మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. "రాయి మీద మాట ఎవరిదా అని రెండు నెలలుగా తిరుగుతున్నానమ్మా. రేణిగుంట స్టేషన్లో ఒక సాధువు, కొండ మీద ఉండిన ఒక స్వామి చెప్పింది అన్నాడు. ఏ స్వామి అంటే పేరు తెలియదన్నాడు. చంద్రగిరిలో ఒక ముసలాయన, రాజుల కాలం శాసనంలో ఉందన్నాడు. కోటంతా తిరిగినాను. అట్లాంటి శాసనం లేదు. మునివెంకటప్ప గారినే అడిగితే, ఏదో భగవంతుడు పలికించినాడు అన్నారు. ఆయనకు ముందు ఎవరన్నారని చెంగయ్యను అడిగినాను. బండ్లవాళ్ళు ఎగతాళిగా అనేవాళ్ళన్నాడు. బండ్లవాళ్ళకు యాడి నుంచి వచ్చిందని వరదయ్యను పట్టుకున్నాను. మూడుసార్లు పోతే చెప్పినాడు. ఆ నోరు నీదమ్మా."

ఆయన ముఖం వెలిగిపోతోంది. దారి తప్పిన ఆవును తోలుకొచ్చి ఇంటి ముందు కట్టినవాడిలా ఉన్నాడు.

నాగులమ్మకు అందులో కొత్త ఏముందో అర్థం కాలేదు. "దానికి ఇంత తిరగాల్నా అయ్యోరా? రాయి మీదనే ఉండాది గదా నా బిడ్డ పేరు," అంది.

జయరావు రాసుకుంటున్న పుస్తకం మూశాడు. "ఏ పేరమ్మా?"

"పోలేరమ్మ అని. కింద వరసలో."

ఆయన చాలాసేపు గొడుగు కొనతో నేల గీశాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. ఎవరి మాట ఎవరిదో తేల్చడమే పనిగా పెట్టుకున్న మనిషి, ఆయనకు అది చేతకాలేదు. "అది ఆయన పేరు తల్లీ. మునివెంకటప్ప అని ఉంది. నీ బిడ్డ పేరు యాడా లేదు," అన్నాడు.

నాగులమ్మ ఏడవలేదు. తన బొటనవేలు చూసుకుంది. నాలుగు వందలకు పైగా శుక్రవారాలు ఆ వేలు ఎవరికి పసుపు పూసిందో అప్పుడు తెలిసింది. ఎవరో అడిగాకే బిడ్డకు నీళ్ళు పొయ్యమన్నవాడికి.

ఆమె అంది: "మాట నాదని రాయొద్దులే అయ్యోరా. నాకెందుకది? నా బిడ్డ పేరు రాయండి. ఫలానా పోలేరమ్మ ఈడ నీళ్ళకు నోరు తెరిచి పోయింది, అని ఒక్క వరస. అచ్చులో ఉంటే చాలు."

"రాస్తానమ్మా. మాట ఇస్తా ఉండాను," అన్నాడు జయరావు. ఆ మాట ఇచ్చినప్పుడు ఆయన నిజంగానే ఇచ్చాడు.

షష్టిపూర్తి నాడు మండీ ముందర పెద్ద పందిరి. అరటి బోదెలు, మేళం, వెయ్యి విస్తర్లు. నాగులమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఆడవాళ్ళ వెనక వరసలో నిలబడింది. మంత్రాలయ్యాక జయరావు లేచి పుస్తకం తెరిచాడు. ఆయన గొంతు ఆ రోజు మిల్లు దగ్గర ఉన్నట్టు లేదు.

చదివాడు. ఒక మండుటెండలో ఒక పేద తల్లి బిడ్డను మోసుకుని వచ్చిందట. పనివాడు పేరేమని అడిగాడట. అంతట మునివెంకటప్ప గారు బల్ల మీద నుంచి లేచి, "పేరు పిమ్మట అడుగుదువు గానీ, ముందు నీళ్ళు పొయ్యి," అని గద్దించి, తన చేత్తోనే పిల్లకు నీళ్ళు తాగించారట. "ఆ పోలేరమ్మ అనే బాలిక నేడు పదహారో ఏట చల్లగా వర్ధిల్లుతూ, ప్రాణం పోసిన చేతిని తలచుకుంటున్నది."

చప్పట్లు కొట్టారు. మునివెంకటప్ప కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం నటన కూడా కాదు. ఇన్నేళ్ళుగా అందరూ ఆ మాట ఆయనదే అంటుంటే ఆయనకూ అట్లాగే జరిగినట్టు ఉంది.

నాగులమ్మ వంటశాల వెనక జయరావును పట్టుకుంది. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి మళ్ళీ కడుక్కున్నాడు.

"బతికుందని చదివినారే అయ్యోరా?"

"నేను ఉన్నదున్నట్టే రాసినానమ్మా. శుభకార్యం పుస్తకంలో చావు ఉండకూడదు, అరిష్టం అన్నారు పెద్దలు. ఆ ఒక్క మాట తీసేయమన్నారు. తీసేస్తే పిల్ల బతికినట్టయింది. పిల్ల బతికితే నువ్వు అట్లా అరవాల్సిన పని లేదు గదా. ఆ మాట ఎవరన్నట్టు మరి? ఆయన అన్నట్టయింది." నేల చూస్తూ అన్నాడు: "పేరు మాత్రం పోనీలేదమ్మా. పట్టుబట్టి వేయించినాను. పోలేరమ్మ అని అచ్చులో ఉండాది."

చెప్పినట్టే చేశాడు. పేరు అచ్చులో ఉంది.

పక్కనే విస్తర్లు ఎత్తుతున్న వరదయ్య విని, "ఎందుకే నాగులూ రచ్చ? ఆ పొద్దు నేను కడవతో పోసినా బతికే పిల్ల గాదది," అన్నాడు.

పుస్తకం ఊళ్ళు తిరిగింది. రెండు నెలలకు, మాపటి పూట, నాగులమ్మ గుడిసె ముందు ఒంటెద్దు బండి ఆగింది. రేణిగుంట నుంచి అక్కమ్మ అనే వాళ్ళ కులపామె, ఊళ్ళో విచారించుకుని, తోడు ఇద్దరు ఆడవాళ్ళతో దిగింది. పూలు, ఆకూ వక్కా తెచ్చారు. చాప వేయకముందే కూర్చున్నారు.

"మా వాడికి రైల్లో పని వదినా. బుక్కులో చదివినాడు. అంత పుణ్యాత్ముడు ప్రాణం పోసిన పిల్ల మా ఇంటికొస్తే వంశం చల్లగుంటాదని మా అత్త ఒకటే పోరు. పిల్ల యాడుండాది? సిగ్గుపడి దాక్కుందా?" అంటూ అక్కమ్మ కొంగు ముడి విప్పింది. రెండు పచ్చ గాజులు. "కొలత తెలీదు గదా. చిన్నదొకటి, పెద్దదొకటి తెచ్చినాను. చేయి ఇట్టా ఇమ్మను, ఏది పడతాదో సూస్తాం."

రెండు గాజులూ నాగులమ్మ చేతిలో పెట్టింది. ఆమె వాటిని చూసింది. పదహారేళ్ళకు పోలి మణికట్టు ఎంత ఉండేది? తన చేయంత అయ్యేదా, తండ్రిలాగా సన్నగా ఉండేదా? ఆ లెక్క ఆమె ఎన్నడూ వేయలేదు. ఆమె లోపల పిల్లకు ఆరేళ్ళే.

"పిల్ల లేదమ్మా. చచ్చిపోయింది. ఆ పొద్దే, ఆ పందిట్లోనే."

అక్కమ్మ ముఖం మారిపోయింది. "ఏమ్మా, మా సంబంధం ఇష్టం లేకుంటే లేదని చెప్పు. బతికున్న బిడ్డను చచ్చిందంటావా? అచ్చేసిన బుక్కు అబద్ధమా, నువ్వు నిజమా?"

కేకలకు చుట్టుపక్కల వాళ్ళు చేరారు. ఆ గుడిసెలో పిల్లను చూసినవాళ్ళు ఎవరూ లేరు, పుస్తకం సంగతి మాత్రం అందరూ విన్నారు. ఎవరో పోయి వరదయ్యను తీసుకొచ్చారు. "నువ్వే నీళ్ళు పోసింది గదన్నా, చెప్పు," అన్నారు. వరదయ్య అందరి ముఖాలూ చూశాడు. నాగులమ్మ ముఖం చూడలేదు.

"బుక్కులో ఉండేదే గదా జరిగింది," అన్నాడు.

"విన్నావా! ఎవుడితోనో లేచిపోయుంటాది కూతురు. అందుకే చచ్చిందంటా ఉండాది," అని తోడు వచ్చిన ఆడమనిషి ముక్కున వేలేసుకుంది. గుంపులో కిసుక్కుమన్నారు.

నాగులమ్మ చిన్న గాజును కుడిచేతి వేళ్ళకు ఎక్కించుకుని తిప్పుతోంది. ఆ నవ్వు ఆమె చెవిన పడింది. చచ్చిన బిడ్డను వాళ్ళు బతికించారు. ఇప్పుడు ఆ బతికిన బిడ్డను వీధిలో పడేస్తున్నారు. ఒక తల్లి ఏ బిడ్డనని కాపాడుకుంటుంది? కళ్ళ ముందు వీధిలో పడుతున్నదాన్నే.

"లేచిపోలేదమ్మా," అంది. "ఇచ్చేసినాను. పెళ్ళయిపోయింది. పోయిన మాఘంలో."

"యాడికిచ్చినావు?"

"కోలారు పక్క. వాళ్ళ నాయన ఉండే చోటికి."

గుంపు ఊపిరి పీల్చుకుంది. ఇద్దరు ముగ్గురు తలలాడించి వెళ్ళిపోయారు. వరదయ్య అందరికన్నా ముందు పోయాడు. అక్కమ్మ కూడా మెత్తబడింది. "ఆ మాట ముందే చెప్పుంటే అయిపోయేది గదమ్మా. శుభమా అని వస్తే చావు మాటెందుకు నోట్లోంచి? సరేలే, చల్లగుండనీ పిల్ల. గాజులిట్టివ్వు."

పెద్దది ఇచ్చింది. చిన్నది మూడు వేళ్ళ దాకా దిగి, కణుపుల దగ్గర బిగుసుకుపోయింది. నాగులమ్మ తీయబోయింది, రాలేదు. మళ్ళీ తీయబోయింది.

"పగలగొట్టేవు, ఉండుండు," అని అక్కమ్మ ఆమె చేయి పట్టుకుని, వేళ్ళు నొక్కి, గాజు లాక్కుంది. వాకిట్లోకి పోయి, పొద్దు వెలుతురుకు ఎత్తిపట్టి, బీట పడలేదు కదా అని నాలుగు పక్కలా తిప్పి చూసుకుని, కొంగున ముడి వేసుకుని బండెక్కింది.